మూత వదులుగా

ఫ్రిజ్ తలుపులో, చేపనూనెకీ ఆవముద్దకీ మధ్య
ఒక గాజు సీసా.
మెడకి చుట్టిన ప్లాస్టరు మీద నా కోడిగీతలు:
"మార్చి. పదకొండో కాపు. కదపొద్దు."

కదపకపోతే అది మూడుగా తేరుకుంటుంది.
పైన తేనీటి రంగులో పలచని బీరు,
అడుగున చిక్కటి మడ్డి,
నడుమ మీగడలా తెల్లగా, మనకి కావలసింది.
మూత మాత్రం బిగించకూడదు.
చలిలో మొద్దునిద్ర పోతున్నా
అది ఊపిరి వదులుతూనే ఉంటుంది.
ఒకసారి అమ్మ మరిచిపోయి బిగించింది,
వంటింటి కప్పు మీద ఆ మరక ఇంకా ఉంది.

వాగు అవతలి హల్వార్‌కీ నాకూ
ఆరు చలికాలాలుగా మాటల్లేవు.
మంచు తోస్తూ తోస్తూ అతని ట్రాక్టరు
సరిహద్దు గోడని గుద్దింది,
తొమ్మిది రాళ్ళు నా పక్కకి దొర్లాయి.
దొర్లించినవాళ్ళే ఎత్తాలని నేను,
ఎవరి నేలమీద ఉంటే వాళ్ళే ఎత్తాలని అతను.
రాళ్ళకి నాచు పట్టింది.

డిసెంబరులో ఒక్కరోజు మాత్రం
అతని గొంతు వింటాను.
మా లోయలో పద్ధతి అది:
జునిపర్ కొమ్మల మీదుగా వడిసిన బార్లీ రసం
గోరువెచ్చనయ్యాక, ఈస్ట్ పోస్తూ,
తొట్టిలోకి వంగి కేక పెట్టాలి.
దయ్యాలు పారిపోవడానికో, ఈస్ట్ ఉలిక్కిపడి లేవడానికో,
ఎవరూ తేల్చలేదు.
అతని కేక తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టుంటుంది.
నాది దూడ తప్పిపోయిన ఆవు అరుపట,
అతని చెల్లెలు అంటుంది.
ఆ కిర్రు వినిపించాకే నేను పొయ్యి రాజేస్తాను.
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడాది పదో తారీకు దాటింది.
పన్నెండు.
చెత్త పారబోయడానికి రోజూ మూడుసార్లు బయటికి వెళ్ళాను,
అంత చెత్త లేదు ఇంట్లో.

పద్నాలుగున, చీకటి పడ్డాక, అతనే వచ్చాడు.
బూట్ల మంచు దులపకుండా గడప అవతలే నిలబడ్డాడు,
చేతిలో ఖాళీ సీసా.
"అల్లుడు," అన్నాడు.
ఆరేళ్ళ తర్వాత మొదటి మాట.
బెర్గెన్ నుంచి వచ్చిన కుర్రాడు,
గడ్డకడితే మరిన్నాళ్ళు ఉంటుందని, మంచి మనసుతో,
సీసాని డీప్ ఫ్రిజ్‌లో పెట్టాడట.
కరిగాక మూత తీస్తే కాలిన రబ్బరు వాసన.
తీపి రసం పోసి రెండు రోజులు చూశారు,
ఒక్క బుడగ లేదు.
"మూడు తరాలది, గున్‌వోర్," అన్నాడు
నా బల్లతో చెబుతున్నట్టు.

నిప్పూ తోడూ అడిగినవాళ్ళకి లేదనకూడదు,
అమ్మమ్మ మాట.
ఇంకో మాట కూడా నాకు తెలుసు:
మా బావిలో దింపిన సీసా తాడు తెగిపోయిన ఏడు,
మా నాన్న ఇలాగే గిన్నె పట్టుకుని
వాళ్ళ నాన్న గడపలో నిలబడ్డాడని.
హల్వార్‌కి అది తెలుసో లేదో.
నేను చెప్పలేదు.

పైది సింకులో వంచేశాను. సీసాని మెల్లగా తిప్పాను.
తెలుపు లేచింది. వాసన చూశాం, ముందు నేను, తర్వాత అతను:
నారింజ తొక్క, కాస్త రొట్టె.
సగం అతని సీసాలోకి, మడ్డి రాకుండా.
"తొమ్మిది నెలల నిద్ర. ఒక్కసారే తొట్టిలో పొయ్యకు,
ముందు చిన్న జాడీలో తాగించి లేపు.
మూత..."
"తెలుసు," అన్నాడు, నొచ్చుకుని.
కోటు లోపల, చంకకింద పెట్టుకుని వెళ్ళాడు.
రాళ్ళ దగ్గర అతని టార్చి ఒక్క క్షణం ఆగింది.
తర్వాత కదిలింది.

పదిహేడు. గాలి లేదు.
మధ్యాహ్నం మూడింటికే చీకటి.
వాగు మీదుగా కిర్రుమంది.

అగ్గిపెట్టె కోసం వెతికాను.